తొంభై ఎనిమిదిన్నర

(పికప్ ప్రస్థానం: 9వ భాగం)

మన దగ్గర సెకండ్ హ్యాండ్ బండి బేరానికి వెళ్తే మొట్టమొదటి ప్రశ్న "ఏ మోడల్ అండీ?" అనే. బండి ఎదురుగానే ఉంటుంది, కంపెనీ పేరు దాని మొహం మీదే ఉంటుంది. అయినా ఆ ప్రశ్న తప్పదు, ఎందుకంటే అడుగుతున్నది ఏడాది గురించి. "పన్నెండు మోడల్" అన్నా, "పద్దెనిమిది మోడల్" అన్నా ఆ ఒక్క జవాబుతో బేరం సగం తెగినట్టే.

అమెరికాలో పాత పికప్ కోసం తిరిగే రైతు కూడా ఇదే అడుగుతాడు. అయితే డాడ్జ్ రామ్ డీజిల్ పికప్ దగ్గరికి వచ్చేసరికి అక్కడివాళ్ల నోట ఒక విచిత్రమైన సంవత్సరం వినిపిస్తుంది: తొంభై ఎనిమిదిన్నర. ఏ పంచాంగంలోనూ దొరకని సంవత్సరం అది. అమ్మకపు ప్రకటనల్లో, విడిభాగాల పట్టికల్లో, మెకానిక్కుల మాటల్లో మాత్రం 1998కీ 1999కీ మధ్య స్థిరంగా కూర్చుని ఉంది. ఆ అర ఏడాదికి అటు పుట్టిన బండికి ఒక గుణం, ఇటు పుట్టిన బండికి ఇంకో గుణం.

కోడిమాంసం తగాదా ముదిరి 1964లో దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకంగా ఎలా మారిందో గత వారం చూశాం. ఆ గోడ చాటున ఫోర్డ్, షెవర్లే, డాడ్జ్‌ల పెద్ద పికప్‌లు బయటి పోటీ లేకుండా పెరిగాయి. ఆ బళ్లలో మంచి ఏడాది ఏదో జనం ఎలా తేల్చుకున్నారన్నది ఈ వారం కథ. దాన్ని చెప్పడానికి ఆ అర ఏడాది కన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

ఏడాదికో మోడల్

బండికి ఏడాది ముఖ్యం కావడం మొదటి నుంచీ ఉన్న సంగతి కాదు. హెన్రీ ఫోర్డ్ తన మోడల్-టిని 1908 నుంచి 1927 దాకా పెద్ద మార్పులేవీ లేకుండా కోటిన్నరకు పైగా తయారు చేశాడు. 1925లో ఆ కారు వెనక ఇనుప తొట్టి బిగించి, ఫ్యాక్టరీ నుంచే పికప్‌గా 281 డాలర్లకు అమ్మాడు. బండి మారనప్పుడు ఏ ఏడాదిదైతేనేం? ఎంత నడిచిందన్నదే కొనేవాడికి కావలసిన లెక్క.

ఆ పద్ధతిని మార్చినవాడు ఆల్ఫ్రెడ్ స్లోన్. 1923లో జనరల్ మోటార్స్ అధ్యక్షుడైన స్లోన్, ఏటా ఏదో ఒక మార్పుతో కొత్త బండిని జనం ముందు పెట్టాలన్నాడు. చూసిన ప్రతిసారీ నిరుటి బండి పాతదనిపించాలి. ఈ పోటీకి ఫోర్డ్ కూడా తలవంచక తప్పలేదు. అప్పటి నుంచి ప్రతి బండికీ పుట్టిన తేదీతో పాటు 'మోడల్ సంవత్సరం' అనే రెండో జాతకం తోడైంది.

ఈ రెండూ కలవాలనేం లేదు. అమెరికా కాలుష్య నిబంధనల ప్రకారం ఒక మోడల్ సంవత్సరంలో ఆ ఏటి జనవరి 1 ఉండి తీరాలి, ఇంకో జనవరి 1 ఉండకూడదు. ఆ లెక్కన 1998 మోడల్ బండి 1997 జనవరి 2 తర్వాత ఎప్పుడైనా పుట్టవచ్చు, 1998 డిసెంబరు 31 దాకా పుడుతూనే ఉండవచ్చు. మామూలుగా వేసవి చివర కొత్త ఏటి బళ్లు ఫ్యాక్టరీలో మొదలై, చలికాలానికి ముందే దుకాణాలకు చేరతాయి.

1981 నుంచి ప్రతి బండికీ 17 అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది. మన ఆర్సీ మీద ఛాసిస్ నంబరుగా కనిపించేది అలాంటిదే. అందులో పదో అక్షరం మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది. 1996కి టి, 1997కి వి, 1998కి డబ్ల్యూ, 1999కి ఎక్స్, 2000కి వై, 2001కి అంకె 1. ఐ, ఓ, క్యూ లాంటివి అంకెల్లా పొరబడతారని వాడరు. అద్దం కింద ఆ పలక చూసి ఏడాది చెప్పెయ్యవచ్చు. కానీ తొంభై ఎనిమిదిన్నరను ఆ పదో అక్షరం పట్టివ్వలేదు. 1998 మోడల్‌గా వచ్చిన రెండు రకాల బళ్లకూ అది డబ్ల్యూయే.

పొలం నుంచి రోడ్డు మీదికి

1980ల నాటికి డాడ్జ్ పికప్‌ల పరిస్థితి బాగోలేదు. యజమాని క్రైస్లర్ దివాలా అంచు దాకా వెళ్లి, 150 కోట్ల డాలర్ల ప్రభుత్వ రుణ హామీతో ఊపిరి పీల్చుకుంది. పికప్ ఆకృతి 1972 నాటిది. ఫోర్డ్, షెవర్లేలతో తూగలేక డాడ్జ్ మూడో స్థానంలో చాలా వెనక నడుస్తోంది. కొత్త బండి తయారు చేయడానికి డబ్బు లేదు. కాబట్టి పాత బండిలోనే కొత్త గుండె పెట్టే ఆలోచన చేశారు.

ఆ గుండె ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్నం నుంచి వచ్చింది. అక్కడ 1919లో క్లెస్సీ కమిన్స్ అనే మెకానిక్ స్థాపించిన కంపెనీకి పెద్ద లారీల డీజిల్ ఇంజన్లలో మంచి పేరు. వ్యవసాయ యంత్రాల కంపెనీ కేస్‌తో కలిసి ఆ సంస్థ 1980ల మొదట్లో బి-సిరీస్ అనే చిన్న ఇంజన్లు తెచ్చింది. వాటిలో 5.9 లీటర్ల ఇంజన్‌కు ఆరు సిలిండర్లు, అన్నీ ఒకే వరసలో. టైమింగుకు గొలుసూ బెల్టూ లేవు, గేర్లే. పోత ఇనుప బ్లాకు, పోత ఇనుప హెడ్డు. రోజంతా పొలంలో ఒకే వేగంతో బరువు లాగడానికి పుట్టిన ఇంజన్ అది.

1989 మోడల్‌లో డాడ్జ్ దాన్ని పికప్‌లో బిగించింది. 160 హార్స్‌పవర్ అంటే ఇప్పుడు మామూలు కారుకూ ఉంటుంది. అసలు బలం టార్క్‌లో ఉంది: 400 పౌండ్-ఫుట్. బురదలో దిగబడ్డ బండిని ఎద్దు మెడ వంచి ఒక్క ఊపున లేపుతుందే, ఆ బలం అన్నమాట. గుర్రాల ట్రైలరూ, ఎండుగడ్డి మోపులూ లాగే రైతులకు కావలసింది అదే. అప్పటి ఫోర్డ్, జీఎం పికప్‌ల డీజిల్ ఇంజన్లకు ఫ్యాక్టరీ టర్బో లేదు, డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతీ లేదు. కమిన్స్‌లో రెండూ ఉన్నాయి. పాత ఆకారపు డాడ్జ్‌ను ఇంజన్ కోసమే కొనేవాళ్లు బయలుదేరారు.

ఈ ఇంజన్ వంశం మనకు పరాయిది కాదు. 1993లో టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో సంస్థ పెట్టి ఇదే బి-సిరీస్ ఇంజన్లు తయారు చేశాయి. అవి టాటా లారీల్లో బిగిసి దేశమంతా తిరిగాయి. డాడ్జ్ రామ్ గొంతుకూ, మన హైవేల మీద బరువుతో గట్టెక్కే టాటా లారీ గొంతుకూ చుట్టరికం ఉంది.

1994లో డాడ్జ్ పికప్‌కు కొత్త రూపం వచ్చింది. పెద్ద లారీలా ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, కిందికి దిగిన భుజాలు. దానికన్నా ముఖ్యమైన మార్పు లోపల జరిగింది. అప్పటిదాకా ఉన్న చిన్న రోటరీ పంపు పోయి బాష్ వారి పి7100 పంపు వచ్చింది. సిలిండర్‌కొకటి చొప్పున ఆరు ప్లంజర్లు వరసగా నిలబడే మొరటు పంపు ఇది. కంప్యూటర్ అక్కర్లేదు. డీజిల్ ఆపే చిన్న సోలినాయిడ్ తప్ప ఇంజన్ నడకకు కరెంటుతో దాదాపు పని లేదు. సిలిండర్‌కు రెండు వాల్వుల చొప్పున మొత్తం పన్నెండు కాబట్టి 'పన్నెండు వాల్వుల ఇంజన్' అని పేరుపడింది. 1996 నుంచి మాన్యువల్ గేర్‌బాక్సుతో వచ్చిన బళ్లకు 215 హార్స్‌పవర్ దాకా ఇచ్చారు.

ఆ అర ఎక్కడిది?

1998లో అమెరికా ప్రభుత్వం భారీ డీజిల్ ఇంజన్ల పొగ మీద పట్టు బిగించింది. నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి, గంటకు హార్స్‌పవర్‌కు 5 గ్రాముల నుంచి 4 గ్రాములకు దిగింది. ఏ క్షణంలో ఎంత డీజిల్ చిమ్మాలో పాత పంపు ఇనుప కమ్మీలతో, స్ప్రింగులతో తేల్చుకునేది. కొత్త పరిమితికి ఆ నేర్పు చాలదు. దాంతో కమిన్స్ సిలిండర్‌కు నాలుగు వాల్వుల హెడ్డునూ, కంప్యూటర్ చెప్పినట్టు నడిచే వీపీ44 అనే ఎలక్ట్రానిక్ పంపునూ తెచ్చింది. ఈ ఇరవైనాలుగు వాల్వుల ఇంజన్ పికప్‌లోకి 1998 జనవరి ప్రాంతంలో వచ్చింది. అంటే 1998 మోడల్ బళ్ల తయారీ అప్పటికే కొన్ని నెలలుగా సాగుతోంది.

ఒకే మోడల్ సంవత్సరంలో రెండు తరాల ఇంజన్లు వచ్చాయన్నమాట. విడిభాగాల దుకాణంలో కుర్రాడికి "98 డాడ్జ్ డీజిల్" అంటే సరిపోదు, ఏ 98 అని అడగాలి. ఆ అవసరంలో నుంచే తొంభై ఎనిమిదిన్నర పుట్టింది. గుర్తింపు సంఖ్యలో ఎనిమిదో అక్షరం ఇంజన్‌ను చెబుతుంది. అక్కడ 'డి' ఉంటే పన్నెండు వాల్వులది, '6' అంకె ఉంటే ఇరవైనాలుగు వాల్వులది.

కొత్త ఇంజన్‌కు బలం ఎక్కువ, చప్పుడు తక్కువ. కానీ వీపీ44 పంపుకు లోపల పారే డీజిలే కందెన, డీజిలే చల్లదనం. డీజిల్‌ను దాని దాకా తోసే చిన్న లిఫ్ట్ పంపు నీరసించిందంటే పెద్ద పంపు ఆకలితో, వేడితో చచ్చిపోతుంది. చవక వస్తువు పాడై ఖరీదైన వస్తువును వెంట తీసుకుపోయే రోగం ఇది. దీనికి తోడు 1999 నుంచి 2001 దాకా వచ్చిన కొన్ని ఇంజన్ల బ్లాకు మీద '53' అనే పోత గుర్తు కనిపిస్తుంది. బ్రెజిల్‌లో పోసిన ఆ బ్లాకుల్లో నీళ్లు తిరిగే గోడ పలచన. అక్కడ పగులు పట్టి నీళ్లు కారేవి. పాత బండి చూడబోయిన కొనుగోలుదారు నేల మీద వెల్లకిలా పడుకుని, టార్చి వేసి ఆ అంకె కోసం వెతికేది ఇందుకే.

పన్నెండు వాల్వుల ఇంజన్‌కు మాత్రం మచ్చ లేదా? ఉంది. టైమింగ్ గేర్ల పెట్టెను సరిగ్గా కూర్చోబెట్టడానికి వాడిన చిన్న ఉక్కు పిన్ను, ఏళ్ల తరబడి అదురుకు జారి జారి గేర్ల మధ్యలో పడవచ్చు. పడితే ఇంజన్ ఛిద్రమే. అమెరికా మెకానిక్కులు దానికి 'చంపే పిన్ను' అని పేరు పెట్టారు. మందు కూడా వాళ్లే కనిపెట్టారు. ముందు కవరు విప్పి, పక్క బోల్టు కింద చిన్న రేకు బిగిస్తే పిన్ను ఇక కదలదు. ఈ పిన్ను ఇరవైనాలుగు వాల్వుల మొదటి ఇంజన్లలోనూ ఉంది.

అరల వరస

ఈ అర ఒంటరిది కాదు. కమిన్స్ బళ్లలోనే ఇంటర్‌కూలర్ వచ్చిన 1991న్నర ఉంది, బలం 325 హార్స్‌పవర్‌కు పెరిగిన 2004న్నర ఉంది. అన్నిటికన్నా లోతైన గీత 2007న్నర. 2007 నుంచి డీజిల్ మసి పరిమితి పదో వంతుకు, 0.1 గ్రాము నుంచి 0.01కి పడిపోయింది. దానికి ముందుగానే 2006లో డీజిల్‌లోని గంధకం పది లక్షలకు 500 పాళ్ల నుంచి 15 పాళ్లకు తగ్గింది. మసిని పట్టే ఫిల్టరు లేకుండా కొత్త హద్దు అందదు. అందుకని 5.9 లీటర్ల ఇంజన్‌కు సెలవిచ్చి, ఫిల్టరుతో 6.7 లీటర్ల ఇంజన్ తెచ్చారు. 2006 డిసెంబరు లోపు పుట్టిన పాత ఇంజన్లతో 2007 మోడల్ బళ్లు కొన్నాళ్లు సాగాయి. ఆ మోడల్ సంవత్సరం రెండో సగంలో కొత్తవి వచ్చాయి.

ఇలాంటి గీత మనమూ కళ్లారా చూశాం. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు, ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బళ్లు అమ్మకూడదని తేల్చింది. మిగిలిన రెండు రోజులూ ద్విచక్ర వాహనాల షోరూముల ముందు తగ్గింపు ధరలకు జనం బారులు తీరారు. ఒక అర్ధరాత్రి ఒక బండిని పాతదాన్ని చేసింది. అమెరికా పికప్‌ల విషయంలో ఆ అర్ధరాత్రికి దశాంశ బిందువు పెట్టి పేరుగా మార్చుకున్నారు.

ఫోర్డ్‌ది ఇదే కథకు ఇంకో ముఖం. నావిస్టార్ తయారు చేసిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ 1994 మోడల్ మధ్యలో వచ్చింది. బరువైనది, నిదానమైనది, నమ్మదగినది. ముఖ్యమైన రోగం క్యామ్‌షాఫ్ట్ సెన్సర్. అది పోతే బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. అయితే కొత్తది చవకే, కాబట్టి అనుభవజ్ఞులు ఒకటి డాష్‌బోర్డు అరలోనే పెట్టుకుని తిరిగేవారు. పొగ నిబంధనలు బిగిసి 2003 మోడల్ మధ్యలో దాన్ని ఆపారు. దాని స్థానంలో వచ్చిన 6.0 లీటర్ల ఇంజన్‌లో ఆయిల్ కూలర్ పూడుకుపోవడం, పొగను చల్లబరిచే కూలర్ పగలడం, హెడ్ గాస్కెట్లు పోవడం గొలుసుకట్టుగా జరిగాయి. వారంటీ ఖర్చులు ఎవరు భరించాలన్న తగాదాతో 2007లో ఫోర్డ్ నావిస్టార్ మీద కోర్టుకెక్కింది. 2009లో రాజీ కుదిరింది. 2003 ఫోర్డ్ డీజిల్ కొనేవాడికి ఎనిమిదో అక్షరమే తేడా చెబుతుంది. 'ఎఫ్' అయితే 7.3, 'పి' అయితే 6.0.

పెట్రోలు బళ్లలోనూ ఇదే రాగం. ఫోర్డ్ 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ 1965లో పుట్టి 1996లో ఆగింది. ముప్పై ఏళ్ల చాకిరీలో దాని రోగాలూ మందులూ అందరికీ తెలిసిపోయాయి. 1997లో కొత్త రూపంతో వచ్చిన ఎఫ్-150లోని తొలి ట్రైటన్ వీ8 ఇంజన్లలో స్పార్క్ ప్లగ్గుకు హెడ్డులో పట్టు మరలు తక్కువ. ప్లగ్గు ఊడి ఎగిరిపోయిన బళ్లు ఎన్నో.

ఎంపిక

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక సూత్రం తేలుతుంది. తరం మొదటి ఏడాది కొనకు, చివరి ఏడాది వెతుకు. కారణం మంత్రమేమీ కాదు. కొత్త ఇంజన్ రోగాలు ప్రయోగశాలలో కొన్నే బయటపడతాయి, మిగతావి కొన్నవాడి పొలంలోనూ, మంచులోనూ, కొండ దారిలోనూ తేలతాయి. వారంటీకి వచ్చిన విరిగిన ముక్కలు చూసి ఇంజనీర్లు ఒక బోల్టు మందం పెంచుతారు, ఒక గొట్టం దారి మారుస్తారు. ఏటికేడు బండి ముదురుతుంది. సరిగ్గా పండే వేళకు కొత్త చట్టమో కొత్త ఆకృతో వచ్చి ఆ చెట్టును కొట్టేస్తుంది. 1996, 1997 పన్నెండు వాల్వుల డాడ్జ్‌లు, 2002 నాటి 7.3 ఫోర్డ్‌లు, 2006 నాటి 5.9 కమిన్స్‌లు పలికే ధర వెనక ఉన్నది ఆ పండుతనం.

కానీ ఏడాది ఒక్కటే చాలదు, ఊరు కూడా చూడాలి. కాలిఫోర్నియాలో 1997, అంతకు ముందరి డీజిల్ బళ్లకు పొగ పరీక్ష లేదు, 1998 నుంచి ఉంది. అక్కడ ఆ ఒక్క ఏడాది తేడాకు విలువ వేరు. ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఛాసిస్‌నూ బ్రేకు గొట్టాలనూ తినేస్తుంది. ఒహాయోలో తిరిగిన మేలైన ఏటి బండి కన్నా అరిజోనా ఎండలో పడున్న మామూలు ఏటి బండి నయం కావచ్చు. విశాఖ తీరంలో స్కూటర్ పెట్టుకున్నవాళ్లకు తుప్పు సంగతి నేను చెప్పనక్కర్లేదు.

నా మాట ఇది: లోపం లేని ఏడాది అంటూ లేదు, లోపం తెలిసిన ఏడాది ఉంది. పిన్ను జారుతుందని తెలిస్తే రేకు బిగించుకోవచ్చు. లిఫ్ట్ పంపు నీరసిస్తుందని తెలిస్తే ప్రెషర్ గేజీ పెట్టుకుని రోజూ చూసుకోవచ్చు. పండిన ఏడాదిని ఎంచుకోవడమంటే, ఏ జబ్బుకు మనం వైద్యం చేయగలమో ఎంచుకోవడం.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథకు న్యాయం జరగదు. పాత పంపుల మీద నాకు ప్రేమ ఉంది. ఒక మనిషి రెండు పానాలతో, తన కళ్లతో, చెవులతో అర్థం చేసుకోగల యంత్రం గొప్పది. అయినా ఆ యంత్రాన్ని ఆపిన చట్టాలను శత్రువులుగా చూడలేను. డీజిల్ మసి ఊపిరితిత్తుల లోపలి పొరల దాకా వెళ్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో ఓజోన్‌గా మారి ఆస్తమా పిల్లల ఛాతీని పట్టేస్తాయి. కొనేవాడు బండి ముందు నిలబడి ఏడాది ఎంచుకుంటాడు. అదే బండి వెనక, బడి బస్సు కోసం నిలబడ్డ పిల్లకు ఏ ఏడాది మంచిదో వేరే లెక్క. ఆ పిల్ల లెక్కలో 2007 మొదటి సగం కన్నా రెండో సగమే మేలు.

ఆ రెండు లెక్కలూ ఒకే క్యాలెండరు మీద ఢీకొన్న చోట పడ్డ గీతే ఆ అర. అందుకే పాత రామ్ అమ్మకానికి పెట్టినవాడు ఆ దశాంశ బిందువును ఇప్పటికీ మరిచిపోకుండా రాస్తాడు, కొనేవాడు ఎనిమిదో అక్షరం చూసేదాకా డబ్బు తియ్యడు.

(వచ్చే వారం: ఇనుప రేకు పోయి అల్యూమినియం వచ్చిన రోజు. 2015 ఎఫ్-150 కథ.)